490 జంతువులు, గుప్పెడు దోమలు

మెదడు తరంగాలు చదివే కొత్త ఏఐ యంత్రాల గురించి చెప్పడానికి కంపెనీల వాళ్లు మా డిపార్ట్‌మెంటుకు వస్తే ముందు అంకెలు చదువుతారు. ఇన్ని వేల ఈఈజీల మీద నేర్చుకుంది సార్, ఇన్ని లక్షల స్కాన్లు చూసింది సార్ అంటారు. బయోమెడికల్ ఇంజినీరింగ్ పాఠాలు చెప్పుకునే సికింద్రాబాదు వాణ్ని. ఆ లెక్కలు వింటుంటే నాకు నిజాం ఖర్చు పెట్టిన వెయ్యి పౌండ్లు గుర్తొస్తాయి.

1847లో ఎడిన్‌బరో వైద్యుడు సింప్సన్ క్లోరోఫాం మత్తును వాడుకలోకి తెచ్చాడు. మరుసటి ఏడాదే ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల కాలిగోరు తీయించుకోబోయి ఆ మత్తులో చనిపోయింది. ముందు ఆగేది గుండా, ఊపిరా? నలభై ఏళ్లు గడిచినా వైద్యులకు తెగలేదు. హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీది ఒకటే పట్టు: ఊపిరిని కనిపెట్టి ఉంటే చాలు, గుండెకేం కాదు. 1888లో ఇక్కడే మొదటి క్లోరోఫాం కమిషన్ కూర్చుని ఆయన మాటే నిజమంది. లండన్ వైద్యపత్రిక లాన్సెట్ ఒప్పుకోలేదు. దాంతో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం వెయ్యి పౌండ్లిచ్చి, 1889లో ఆ పత్రిక ఎంచుకున్న వైద్యుడు లాడర్ బ్రంటన్‌నే రప్పించింది.

ఆ రెండో కమిషన్ పనిలో లోపం ఎంచలేం. మసి పట్టించిన కాగితం చుట్టిన డ్రమ్ము తిరుగుతుంటే, రక్తపోటుకు తగ్గట్టు ఊగే ముల్లు దానిమీద గీత గీసేది. మా ల్యాబులో మూలన పడున్న ఈఈజీ యంత్రం పెన్నులు ఆ ముల్లుకు మునిమనవలే. కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు వగైరా కలిపి 490 జంతువులు. వాటిలో 120కి రక్తపోటు కొలిచారు. గీతలన్నిటికీ ఫోటోలు తీశారు. చివరికి లారీ మాటే నెగ్గింది.

ఆ తీర్పు నిలవలేదు. 1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ కాదన్నారు. 1911లో గుడ్‌మన్ లీవీ పిల్లుల మీద పరీక్షించి, మత్తు పలచగా ఉన్నప్పుడే గుండె లయ తప్పి ఉన్నట్టుండి ఆగిపోవచ్చని చూపించాడు. మోతాదు మించినప్పుడు ముందు ఊపిరి ఆగడం నిజమే కావచ్చు. కానీ హానా లాంటి వాళ్లు పోయింది ఆ దారిన కాకపోవచ్చు. ఇక్కడ గీసిన గీతలన్నీ సరైనవే, వెతకాల్సిన చావు మాత్రం వాటిలో లేదు.

ఇదే ఊళ్లో దీనికి ఎదురు కథ కూడా ఉంది. 1895లో సికింద్రాబాదు కంటోన్మెంటుకు వచ్చిన సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ రెండేళ్లపాటు దోమల్ని కోసి చూస్తూనే ఉన్నాడు, మలేరియా జాడ దొరకలేదు. ఆయన కోస్తున్న రకాలు వేరు. 1897 ఆగస్టులో మచ్చల రెక్కల దోమలు చేతికి చిక్కాయి. హుసేన్ ఖాన్ అనే రోగికి కుట్టుకు ఒక అణా చొప్పున ఇచ్చి, వాటిచేత కుట్టించాడు. 20వ తేదీన, బతికి మిగిలిన దోమల్లో ఒకదాని పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవి కనిపించింది. బేగంపేటలో ఆయన ఈ పని చేసిన భవనం ఇప్పటికీ ఉంది.

ఇక మా కాలానికొస్తే, ఆపరేషన్ థియేటర్లలో నుదుటికి పట్టీ అతికించి, ఈఈజీని సున్నా నుంచి వంద దాకా ఒక అంకెగా చూపే బిస్ మానిటర్ ఉంది. అమెరికా దానికి 1996లో అనుమతిచ్చింది. పెద్దవాళ్ల ఈఈజీల మీద తయారైన లెక్క అది. కెటమిన్ మత్తిస్తే మనిషి మైకంలో ఉన్నా అంకె దిగదు, పసిపిల్లల్లో దాన్ని నమ్మలేం. మెదడు స్కాన్లదీ అదే దారి. ప్రపంచమంతా కొలబద్దగా వాడుకున్నది మాంట్రియల్‌లో 305 మంది స్కాన్ల సగటు. హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో జయంతి శివస్వామి బృందం వందమంది భారతీయుల స్కాన్లతో 2019లో మన మెదడు అట్లాసు వెలువరించింది. ఎత్తు, వెడల్పు, పరిమాణం, మూడింటా మన సగటు పాశ్చాత్యుల కంటే తక్కువని తేలింది. ఆ తేడా తెలియని కంప్యూటర్ మంచి మెదడును కూడా కుంచించుకుపోయిందని రాసే ప్రమాదం ఉంది.

ఆసుపత్రికి ఏఐ యంత్రం కొనే డాక్టర్లకు నాదొక మనవి. ఎన్ని చూసిందని అడగడం తర్వాత. ఎవరిని చూసింది, ఏ వయసు వాళ్లను, ఏ మత్తులో, ఏ జబ్బుతో ఉన్నవాళ్లను చూసిందో ముందు రాయించుకోండి. రాసివ్వకపోతే సంతకం పెట్టకండి.