చమురు, వాటాదారులు, యుద్ధం: సూడాన్ నుంచి టాలిస్మాన్ నిష్క్రమణ

యుద్ధం సాగిస్తున్న ప్రభుత్వానికి ఆయుధాలు అమ్మేవారిని తప్పుపట్టడం పాత సంగతే గాని, ఆ దేశంలో చమురో గనులో నడిపిస్తూ ఖజానాకు ఆదాయం సమకూర్చే విదేశీ సంస్థను అక్కడినుంచి వెళ్లిపొమ్మని దాని సొంత వాటాదారులు, పెన్షన్ నిధులు, చర్చిలు కలిసి నిర్బంధించడం ఇరవయ్యో శతాబ్దపు ఉత్తరార్ధంలో బలపడిన పద్ధతి. దక్షిణాఫ్రికా వర్ణవివక్షకు వ్యతిరేకంగా 1970, 80 దశకాల్లో జరిగిన పోరాటంలో ఈ పద్ధతి ఒక రూపానికి వచ్చింది. దీని బలమెంతో, అది ఎక్కడ చెల్లకుండా పోతుందో రెండింటినీ ఒకేసారి చూపిన ఉదంతం మాత్రం సూడాన్‌లో కెనడా చమురు సంస్థ టాలిస్మాన్ ఎనర్జీది. 1998 అక్టోబరులో ప్రవేశించి 2003 మార్చిలో వైదొలగిన ఆ సంస్థ కథలో ముగింపు ఘట్టం భారత ప్రభుత్వరంగ సంస్థతో ముడిపడి ఉంది కనుక భారతీయ పాఠకులకు అది పరాయి దేశపు చరిత్ర కాదు.

1956లో స్వతంత్రమైన సూడాన్‌లో ఖార్టూమ్ కేంద్రంగా పాలించే ఉత్తరాదివారికి, అధికారంలోనూ అభివృద్ధిలోనూ వాటా దక్కని దక్షిణాదివారికి మధ్య రగిలిన మొదటి అంతర్యుద్ధం 1972 నాటి అడిస్ అబాబా ఒప్పందంతో చల్లారింది. ఆ తరువాత కొద్ది ఏళ్లకే అమెరికా సంస్థ షెవ్రాన్ దక్షిణాదిలోని బెంటియు పరిసరాల్లో చమురు కనుగొన్నది. ఆ చమురు ఎవరిదన్న తగవు, దక్షిణాది స్వపరిపాలనను అధ్యక్షుడు నిమేరీ రద్దు చేయడం, 1983లో దేశమంతటా ఇస్లామిక్ చట్టాన్ని విధించడం కలిసి రెండో యుద్ధానికి దారితీశాయి. జాన్ గరాంగ్ నాయకత్వంలో సూడాన్ ప్రజా విమోచన సైన్యం ఏర్పడింది. 1984 ఫిబ్రవరిలో షెవ్రాన్ శిబిరంపై జరిగిన దాడిలో ముగ్గురు ఉద్యోగులు మరణించగా, ఆ సంస్థ పనులు ఆపివేసి, ఎనిమిదేళ్ల తరువాత తన హక్కులను అమ్ముకుని వెళ్లిపోయింది. షెవ్రాన్‌ను పంపించినది తుపాకి. టాలిస్మాన్‌ను పంపించినవి వాటాపత్రాలు.

షెవ్రాన్ వదిలిన క్షేత్రాలు చేతులు మారుతూ 1990 దశకం మధ్యకు గ్రేటర్ నైల్ అనే ఉమ్మడి సంస్థ కిందికి వచ్చాయి. పలు సంస్థలు ఖర్చును, లాభాన్ని వాటాల ప్రకారం పంచుకునే ఈ ఏర్పాటులో చైనా ప్రభుత్వ సంస్థ సీఎన్‌పీసీకి 40 శాతం, మలేసియా ప్రభుత్వ సంస్థ పెట్రోనాస్‌కు 30 శాతం, కెనడాకు చెందిన అరాకిస్‌కు 25 శాతం, సూడాన్ ప్రభుత్వ సంస్థకు 5 శాతం వాటా దక్కింది. డబ్బు చాలక ఇబ్బందిపడుతున్న అరాకిస్‌ను కాల్గరీ నగరంలోని టాలిస్మాన్ 1998లో కొనడంతో ఆ 25 శాతం దాని వశమైంది. అమెరికా 1997 నవంబరులో విధించిన ఆర్థిక ఆంక్షల వల్ల అమెరికా సంస్థలకు సూడాన్ తలుపులు మూసుకుపోయి ఉండటం కూడా ఈ కొనుగోలుకు కలిసివచ్చింది. క్షేత్రాల నుంచి ఎర్రసముద్ర తీరం దాకా 1,500 కిలోమీటర్లకు పైగా సాగిన గొట్టపుమార్గం పూర్తయి, 1999 ఆగస్టు చివర సూడాన్ తొలిసారి చమురు ఎగుమతి చేసింది. యుద్ధం నడుపుతున్న ప్రభుత్వానికి ఆనాటి నుంచి చమురు ద్వారా విదేశీ మారకం రాసాగింది.

అయితే ఆదాయం ఒక్కటే యుద్ధానికి తోడ్పడిందనుకుంటే అసలు విషయం సగమే అర్థమవుతుంది. వానాకాలంలో నీట మునిగి బురదగా మారే ఆ నేలలో సైన్యాలు పొడి నెలల్లోనే కదలగలిగేవి. చమురు పనుల కోసం ఎత్తుగా వేసిన రోడ్లు ఏడాది పొడవునా వాహనాలు నడిచే వీలు కల్పించాయి. బావుల చుట్టూ రక్షణ వలయం పేరిట నూయేర్, డింకా తెగల పల్లెలను ఖాళీ చేయించడం, వైమానిక దాడులతోనూ ప్రభుత్వ అనుకూల సాయుధ ముఠాలతోనూ జనాన్ని తరిమివేయడం జరిగింది. కెనడా విదేశాంగ మంత్రి లాయిడ్ యాక్స్‌వర్తీ నియమించిన జాన్ హార్కర్ బృందం 1999 చివర సూడాన్ వెళ్లి 2000 ఆరంభంలో నివేదిక ఇచ్చింది. చమురు వెలికితీత యుద్ధాన్ని మరింత తీవ్రం చేస్తున్నదని, ఉమ్మడి సంస్థ వాడే హెగ్లిగ్ విమానాశ్రయం నుంచే సైనిక హెలికాప్టర్లు, అంటోనోవ్ బాంబర్లు ఎగురుతున్నాయని అది తేల్చింది. ఇంత స్పష్టమైన నివేదిక చేతిలో ఉండి కూడా కెనడా ప్రభుత్వం ఆంక్షలు విధించకపోవడం ఈ చరిత్రలో క్షమించరాని వెనకడుగు.

సంస్థ తన వాదన తాను వినిపించింది. తాము వెళ్లిపోతే మనస్సాక్షి లేనివారు ఆ స్థానంలోకి వస్తారని, తాము ఉంటేనే ప్రభుత్వాన్ని మంచి మాటలతో మార్చగలమని ముఖ్య కార్యనిర్వాహకుడు జిమ్ బకీ పదే పదే చెప్పాడు. 1999 డిసెంబరులో టాలిస్మాన్ కెనడా వ్యాపార నైతిక నియమావళిపై సంతకం చేసింది. ఆసుపత్రి కట్టించింది, నీటిబావులు తవ్వించింది, సామాజిక బాధ్యతపై వార్షిక నివేదికలు ప్రచురించింది. వీటిలో కొంత చిత్తశుద్ధి లేకపోలేదు. కాని పక్క గ్రామం కాలిపోతుండగా తవ్వించిన నీటిబావి ఆ గ్రామస్థుల హక్కుకు ప్రత్యామ్నాయం కాజాలదు.

ప్రభుత్వం చేయని పనిని పౌరులు చేపట్టారు. చర్చి సంఘాలు, మానవహక్కుల సంస్థలు, అమెరికాలో ఆంగ్లసాహిత్య ఆచార్యుడైన ఎరిక్ రీవ్స్ వంటి వ్యక్తులు పెట్టుబడుల ఉపసంహరణ, అంటే ఆక్షేపణీయమైన సంస్థలో ఉన్న వాటాలను అమ్మివేయించడం, లక్ష్యంగా పెట్టుకున్నారు. ఉపాధ్యాయుల, ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ సొమ్మును మదుపు చేసే పెద్ద పెన్షన్ నిధులు కొన్ని టాలిస్మాన్ వాటాలను వదిలించుకున్నాయి. వాటా ధర ఆస్తుల విలువకు తగ్గట్టు పెరగడం లేదన్నది మదుపరుల్లో స్థిరపడిన అభిప్రాయమైంది. 2001 జూన్‌లో అమెరికా ప్రతినిధుల సభ సూడాన్ శాంతి బిల్లును 422–2 ఓట్లతో ఆమోదించింది. సూడాన్ చమురులో ఉన్న సంస్థలు అమెరికా స్టాక్ ఎక్స్ఛేంజీల్లో మూలధనం సేకరించకుండా నిషేధించే నిబంధన అందులో ఉంది. అమలైతే న్యూయార్క్ మార్కెట్టులో నమోదైన టాలిస్మాన్‌కు ఇది ప్రాణాంతకమైన దెబ్బ అయ్యేది. అమెరికా ప్రభుత్వం, కేంద్ర బ్యాంకు అధిపతి గ్రీన్‌స్పాన్ వ్యతిరేకించగా 2002 అక్టోబరులో చట్టమైనప్పుడు ఆ నిబంధన అందులో లేదు. అయినా దాని భయం అప్పటికే తన పని చేసింది. 2001 నవంబరులో సూడాన్ ప్రెస్బిటేరియన్ చర్చి తదితరులు న్యూయార్క్ కోర్టులో టాలిస్మాన్‌పై దావా వేశారు. అమెరికా పౌరులు కానివారు అంతర్జాతీయ న్యాయ ఉల్లంఘనలకు అమెరికా కోర్టుల్లో పరిహారం కోరే వీలు కల్పించిన 1789 నాటి చట్టం దీనికి ఆధారం.

2002 అక్టోబరు చివర టాలిస్మాన్ తన 25 శాతం వాటాను ఓఎన్‌జీసీ విదేశ్‌కు సుమారు 120 కోట్ల కెనడా డాలర్లకు అమ్ముతున్నట్టు ప్రకటించింది. గోదావరి తీరాన బావులు తవ్వే సంస్థగా తెలుగువారికి చిరపరిచితమైన ఓఎన్‌జీసీకి అది అనుబంధ సంస్థ. విదేశాల్లో చమురు సంపాదించిపెట్టడం దాని పని. దిగుమతులపై ఆధారపడిన దేశానికి సొంత వాటా చమురు కావాలన్న ఆలోచన సహేతుకమైనదే. కాని కెనడాలో ఏళ్లపాటు వీధుల్లోనూ వాటాదారుల సమావేశాల్లోనూ సాగినంత చర్చ అదే వాటా కొన్న భారతదేశంలో సాగలేదు. చైనా, మలేసియా సంస్థల్లాగే ఓఎన్‌జీసీ విదేశ్‌కు కూడా న్యూయార్క్ మదుపరుల అలుకతో పనిలేదు. తాము వెళ్తే మరొకరు వస్తారన్న బకీ మాట ఆ మేరకు నిజమైంది.

అంతమాత్రాన ఉద్యమం వృథా అయిందనడం సరికాదు. 2002లో కెన్యాలోని మచాకోస్‌లో మొదలైన సంధి ప్రక్రియ 2005 జనవరి నాటి సమగ్ర శాంతి ఒప్పందంగా పరిణమించడానికి ప్రధానంగా ఇరుగుపొరుగు దేశాల, అమెరికా దౌత్యం కారణం; అయితే సూడాన్ చమురు చుట్టూ ఏర్పడిన అపకీర్తి ఆ దౌత్యానికి వెనుక బలంగా నిలిచింది. దక్షిణాది చమురు ఆదాయంలో సగం దక్షిణాది ప్రభుత్వానికే చెందాలని ఒప్పందం నిర్దేశించింది. న్యూయార్క్ దావా మాత్రం నిలవలేదు. నేరం జరుగుతోందని తెలిసి ఉండటం చాలదు, దానికి తోడ్పడాలన్న ఉద్దేశం కూడా రుజువు కావాలని 2009లో అప్పీలు కోర్టు తీర్పు చెప్పగా, మరుసటి ఏడాది అమెరికా సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది.

ఈ ఉదంతంలో అసలు లోపం మరొకచోట ఉంది. ఉద్యమమంతా సంస్థ నిష్క్రమణనే గమ్యంగా పెట్టుకున్నది. కొనేవారు ఎవరు, ఏ షరతులపై కొంటారు, విమానాశ్రయం సైన్యం చేతికి పోకుండా ఎవరు చూస్తారు అన్నవాటిపై దానికి పట్టు లేకపోయింది. అదే కాలంలో పొరుగు క్షేత్రంలో పనిచేసిన స్వీడన్ సంస్థ లుండిన్ కూడా తన వాటాను అమ్ముకుని వెళ్లింది. దాని ఇద్దరు మాజీ అధికారులపై యుద్ధనేరాలకు సహకరించారన్న అభియోగంతో 2023 సెప్టెంబరులో స్టాక్‌హోమ్‌లో విచారణ మొదలైంది, వారు ఆ ఆరోపణను ఖండించారు. స్వీడన్ తన సంస్థను ఇరవై ఏళ్ల తరువాతనైనా ప్రశ్నించింది. ప్రజల సొమ్ముతో నడిచే సంస్థ యుద్ధభూమిలో వాటా కొన్నప్పుడు ఆ సొమ్ముకు యజమానులైన భారత పౌరులు, వారి ప్రతినిధులు అటువంటి ప్రశ్నను కొనుగోలుకు ముందే పార్లమెంటులో వేయవలసి ఉంది.