కాల్‌సైన్: యుద్ధ విమానాన్ని రేడియోలో ఏ పేరుతో పిలుస్తారు?

గాలిలో ఉన్న విమానాన్ని రేడియోలో పిలవడానికి వాడే పేరును కాల్‌సైన్ అంటారు. ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఎందరో పైలట్లు వింటుంటారు. కంట్రోలర్ ‘ఎడమకు తిరుగు’ అంటే ఆ మాట ఎవరికి చెప్పాడో స్పష్టంగా తెలియాలి. అందుకే ఆదేశం ముందు విమానం పేరు వస్తుంది. పైలట్ ఆ ఆదేశాన్ని తిరిగి చెప్పేటప్పుడు తన పేరునూ జోడిస్తాడు. ఒకరికి చెప్పింది ఇంకొకరు అందుకుంటే రెండు విమానాలు ఒకే ఎత్తులో ఎదురుపడే ప్రమాదం ఉంటుంది.

పౌర విమానాలకు ఇంతవరకు చాలు. సైనిక విమానాలకు మరో చిక్కు ఉంది. వాటి రేడియోను శత్రువు కూడా వింటుంటాడు. కాబట్టి ఆ పేరు మనవాళ్లకు వెంటనే అర్థం కావాలి, అవతలివాళ్లకు ఏ ఆచూకీ ఇవ్వకూడదు. సైనిక కాల్‌సైన్ల నియమాలన్నీ ఈ రెండు అవసరాల మధ్య కుదుర్చుకున్న సర్దుబాట్లే.

పౌర విమానాల పద్ధతి

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ (ఐకావో) నిబంధనల ప్రకారం పౌర విమానం తన రిజిస్ట్రేషన్ అక్షరాలనే కాల్‌సైన్‌గా వాడుకోవచ్చు, లేదా విమానయాన సంస్థకు కేటాయించిన పేరుకు సర్వీసు నంబరు చేర్చి వాడుకోవచ్చు. భారత రిజిస్ట్రేషన్లు ‘వీటీ’తో, పాకిస్తాన్‌వి ‘ఏపీ’తో మొదలవుతాయి. సంస్థ పేరు, రేడియో పేరు ఒకటే కావాలని లేదు. ఇండిగోను రేడియోలో ‘ఐఫ్లై’ అని, బ్రిటిష్ ఎయిర్‌వేస్‌ను ‘స్పీడ్‌బర్డ్’ అని పిలుస్తారు.

గరగర శబ్దంలో బి, డి, పి వంటి అక్షరాలు ఒకేలా వినిపిస్తాయి. అందుకే ఆల్ఫా, బ్రావో, చార్లీ అంటూ సాగే వర్ణమాల వచ్చింది. ఇప్పుడున్న రూపంలో అది 1956 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. అంకెలకూ ప్రత్యేక ఉచ్చారణ ఉంది. 3ను ‘ట్రీ’ అని, 5ను ‘ఫైఫ్’ అని, 9ని ‘నైనర్’ అని పలకాలి.

సైనిక విమానాలు ఈ చట్రానికి బయట ఉంటాయి. 1944 నాటి షికాగో ఒప్పందంలోని 3వ అధికరణం ప్రకారం ఆ ఒప్పందం పౌర విమానాలకే వర్తిస్తుంది. సైన్యం, కస్టమ్స్, పోలీసు విమానాలను ప్రభుత్వ విమానాలుగా వేరుచేశారు. అందుకే భారత వాయుసేన విమానాల తోకపై ‘వీటీ’ కనిపించదు. వాయుసేన సొంత సీరియల్ నంబరు ఉంటుంది. అయితే సరకులతోనో సహాయ సామగ్రితోనో పౌర విమాన మార్గాల్లో విదేశాలకు వెళ్లే రవాణా విమానాలు అందరికీ తెలిసిన పేరుతోనే ఎగరాలి. అలాంటి అవసరాలకు ఐకావో జాబితాలో మన వాయుసేనకు ‘ఐఎఫ్‌సీ’ అనే సంకేతం, ‘ఇండియన్ ఎయిర్‌ఫోర్స్’ అనే పిలుపు ఉన్నాయి. అమెరికా రవాణా విమానాలు ‘రీచ్’ పేరుతో, బ్రిటన్ రాయల్ ఎయిర్‌ఫోర్స్ రవాణా విమానాలు ‘ఆస్కాట్’ పేరుతో తిరుగుతాయి.

యుద్ధంలో: దళానికి పేరు, విమానానికి అంకె

యుద్ధ విమానాలు సాధారణంగా ఒంటరిగా వెళ్లవు. రెండు లేదా నాలుగు విమానాలు కలిసి ఒక దళంగా ఎగురుతాయి. కాల్‌సైన్ దళానికి ఉంటుంది, అందులో ఎవరి స్థానం ఏమిటో అంకె చెబుతుంది. నాలుగు విమానాల దళంలో 1 నాయకుడు, 2 అతని పక్క విమానం, 3 రెండో జంటకు నాయకుడు, 4 అతని సహచరుడు. యుద్ధం మధ్యలో ‘నంబర్ త్రీ’ అన్న చిన్న మాటతో ఎవరిని పిలిచారో, అతని బాధ్యత ఏమిటో తెలిసిపోతుంది.

కార్గిల్ యుద్ధంలో ఇలాంటి ఒక పేరు చరిత్రలో నిలిచిపోయింది. 1999 మే 28న తోలోలింగ్ ప్రాంతంలో దాడికి వెళ్లిన ఎంఐ-17 హెలికాప్టర్ల దళం పేరు ‘నుబ్రా’. ఇది లద్దాఖ్‌లోని ఒక లోయ పేరు. ఆ దళంలోని నుబ్రా-3ను స్టింగర్ క్షిపణి కూల్చింది. స్క్వాడ్రన్ లీడర్ రాజీవ్ పుండీర్, ఫ్లైట్ లెఫ్టినెంట్ ఎస్.ముహిలన్, సార్జెంట్లు పి.వి.ఎన్.ఆర్.ప్రసాద్, ఆర్.కె.సాహు మరణించారు. ఆ తర్వాత అలాంటి దాడులకు సాయుధ హెలికాప్టర్లను పంపడం ఆపేశారు.

పేరే ఎరగా మారినప్పుడు

ఒక స్క్వాడ్రన్ ఎప్పుడూ ఒకే పేరు వాడితే, వింటున్న శత్రువు కొద్దిరోజుల్లోనే లెక్క కట్టేస్తాడు. ఈ పేరు వినపడితే ఫలానా రకం విమానాలు ఫలానా స్థావరం నుంచి బయల్దేరాయని గుర్తుపడతాడు. మాటల్లో ఏముందో తెలియకపోయినా పేర్లను బట్టే బలగాల కదలికలను అంచనా వేయవచ్చు. యుద్ధకాలంలో కాల్‌సైన్లను తరచుగా మార్చేది ఇందుకే.

శత్రువుకున్న ఈ అలవాటును అతనిపైనే ప్రయోగించిన ఉదాహరణ వియత్నాం యుద్ధంలో ఉంది. అక్కడ అమెరికా ఎఫ్-105 బాంబర్లు రోజూ ఒకే రకం మార్గాల్లో, ఒకే రకం పేర్లతో వెళ్లేవి. ఉత్తర వియత్నాం మిగ్-21లు వాటిని వేటాడేవి. 1967 జనవరి 2న కర్నల్ రాబిన్ ఓల్డ్స్ నాయకత్వంలో ఎఫ్-4 ఫాంటమ్ యుద్ధ విమానాలు అచ్చం బాంబర్లలా బయల్దేరాయి. అదే మార్గం, అదే వేగం, అదే ఎత్తు, బాంబర్లు వాడే తరహాలోనే కార్ల కంపెనీల పేర్లతో కాల్‌సైన్లు. బరువైన బాంబర్లు వస్తున్నాయనుకుని పైకి లేచిన మిగ్‌లకు ఫాంటమ్‌లు ఎదురయ్యాయి. ఆ రోజు ఏడు మిగ్-21లను కూల్చినట్లు అమెరికా ప్రకటించింది. ‘ఆపరేషన్ బోలో’గా పేరొందిన ఈ ఎత్తుగడలో రేడియో పేరు కూడా ఒక ఆయుధమే.

మనిషిని బట్టి మారే పేరు

దేశాధినేతల విమానాలది దీనికి పూర్తిగా విరుద్ధమైన తీరు. అక్కడ దాపరికం కన్నా ప్రాధాన్యం ముఖ్యం. ‘ఎయిర్‌ఫోర్స్ వన్’ ఒక విమానం పేరని చాలామంది అనుకుంటారు. నిజానికి అమెరికా అధ్యక్షుడు ఎక్కిన ఏ వాయుసేన విమానానికైనా అదే కాల్‌సైన్. ఆయన మెరైన్ హెలికాప్టర్ ఎక్కితే అది ‘మెరైన్ వన్’. 1953లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ విమానం, ఒక పౌర విమానం ఒకే నంబరుతో ఒకే ప్రాంతంలో ఎగరడంతో గందరగోళం తలెత్తిందని, ఆ తర్వాతే ఈ ప్రత్యేక పేరు పెట్టారని చెబుతారు.

1974 ఆగస్టు 9న రాజీనామా చేసి కాలిఫోర్నియాకు వెళ్తున్న రిచర్డ్ నిక్సన్ విమానం గాలిలో ఉండగానే వాషింగ్టన్‌లో జెరాల్డ్ ఫోర్డ్ ప్రమాణ స్వీకారం చేశారు. విమానం అదే, ప్రయాణికుడూ ఆయనే. కానీ ఆ క్షణం నుంచి అది ‘ఎయిర్‌ఫోర్స్ వన్’ కాదు. పైలట్ కాల్‌సైన్‌ను ‘శామ్ 27000’గా మార్చుకున్నాడు.

మన ప్రధానులు, రాష్ట్రపతులు ఏళ్ల తరబడి ఎయిరిండియా నడిపిన జంబో విమానాల్లో ‘ఎయిరిండియా వన్’ పేరుతో విదేశాలకు వెళ్లేవారు. 2020లో వచ్చిన రెండు బోయింగ్ 777లను వాయుసేనే నడుపుతోంది. వాటిని ‘ఇండియా వన్’గా వ్యవహరిస్తున్నారు.

సినిమాల్లో పైలట్లకు ఉండే ‘మావెరిక్’ తరహా పేర్లు వీటికి భిన్నమైనవి. అవి స్క్వాడ్రన్‌లో తోటివారు పెట్టే పిలుపులు, విమానం మారినా మనిషితోనే ఉంటాయి. 2025 జూన్‌లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లిన గ్రూప్ కెప్టెన్ శుభాంశు శుక్లా పిలుపు ‘షక్స్’.

గొంతు చాలని చోట

కాల్‌సైన్ పనిచేయాలంటే రేడియో వినపడాలి. 2019 ఫిబ్రవరి 27న, బాలాకోట్ దాడి మర్నాడు, నియంత్రణ రేఖ వద్ద జరిగిన గగనతల పోరులో వింగ్ కమాండర్ అభినందన్ వర్ధమాన్ నడిపిన మిగ్-21 కూలింది. వెనక్కి మళ్లాలని నేల మీది కంట్రోలర్ ఇచ్చిన ఆదేశం, జామింగ్ వల్ల ఆయనకు అందలేదని తర్వాత వార్తలు వచ్చాయి. ఎంత మంచి పేరు పెట్టుకున్నా, పిలుపు చేరకపోతే ఫలితం లేదు.

అదే ఉదయం బుద్గాంలో మరో ఘోరం జరిగింది. మన ఎంఐ-17 వీ5 హెలికాప్టర్‌ను మన క్షిపణే కూల్చింది. ఆరుగురు వాయుసేన సిబ్బంది, నేల మీదున్న ఒక పౌరుడు చనిపోయారు. అది పెద్ద తప్పిదమని ఆ ఏడాది అక్టోబరులో నాటి వాయుసేనాధిపతి ఆర్.కె.ఎస్.భదౌరియా బహిరంగంగా ఒప్పుకున్నారు. శత్రు, మిత్ర విమానాలను వేరుచేయడానికి ‘ఐఎఫ్ఎఫ్’ అనే పరికరం ఉంటుంది. నేల మీది రాడార్ సంకేత భాషలో ప్రశ్న పంపితే, విమానంలోని పరికరం తనంతట తానే జవాబిస్తుంది. ఆ హెలికాప్టర్‌లో అది ఆపేసి ఉందని, నేల మీది విభాగాల మధ్య సమన్వయం లోపించిందని దర్యాప్తులో తేలినట్లు వార్తలొచ్చాయి. గొంతు, యంత్రం, నేల మీది సమన్వయం మూడూ కలిస్తేనే ‘ఇది మనది’ అన్న మాట నమ్మదగినదవుతుంది.

తెర మీద కనిపించేదెంత?

ఉద్రిక్తత పెరిగిన ప్రతిసారీ ఫ్లైట్ ట్రాకింగ్ సైట్ల చిత్రాలు సోషల్ మీడియాను ముంచెత్తుతాయి. వాటిని అధికారులూ వాడుకుంటున్నారు. 2025 మే 9న జరిగిన ఆపరేషన్ సిందూర్ విలేకరుల సమావేశంలో, డ్రోన్ దాడుల సమయంలోనూ పాకిస్తాన్ తన గగనతలాన్ని పౌర విమానాలకు మూసివేయలేదని చెప్పడానికి వింగ్ కమాండర్ వ్యోమికా సింగ్ అలాంటి చిత్రాన్నే చూపించారు. పౌర విమానం పేరు దాచుకోదు కాబట్టి అది సాక్ష్యంగా పనికొచ్చింది.

సైనిక విమానాల విషయంలో ఆ ధీమా పనికిరాదు. ట్రాకర్‌లో కనిపించే కాల్‌సైన్‌ను విమాన సిబ్బందే టైప్ చేస్తారు. దాడికి వెళ్లే విమానం ట్రాన్స్‌పాండర్‌ను ఆపేసుకోవచ్చు. అప్పుడది ట్రాకర్‌కు చిక్కదు. కాబట్టి తెర మీద ఒక రవాణా విమానమో, ఇంధనం నింపే ట్యాంకరో కనిపించిందని యుద్ధం మొదలైందనీ, ఏమీ కనిపించలేదని ప్రశాంతంగా ఉందనీ తేల్చుకోకూడదు. అక్కడ కనిపించేది, ఆ విమానం లోకానికి చెప్పదలచిన పేరు మాత్రమే.