రొయ్యల చెరువుకు చోటు: మన తీరం నేర్పిన పాఠం



పొలం కొనేటప్పుడు మట్టి చూస్తాం. బావి తవ్వేటప్పుడు జల చూస్తాం. మరి సముద్రతీరాన రొయ్యలకో, చేపలకో చెరువు తవ్వేముందు ఏం చూడాలి? గడచిన సంగతులు తిరగేస్తే జవాబు దొరుకుతుంది.

ముందు ఈ పనిలో పాతకాపుల మాట. వంగదేశంలో సుందరవనాల దగ్గర భేరీలు, కేరళలో పొక్కాలి పొలాలు తరతరాలుగా వున్నవి. పొక్కాలి రైతు వానాకాలంలో వరి పండించి, కోతలై నీరు ఉప్పెక్కాక అదే పొలంలో రొయ్యలు పెంచుతాడు. సముద్రపు పోటుతో నీరూ, రొయ్యపిల్లలూ వస్తాయి. పాటులో తూము ఎత్తితే నీరు పోతుంది. దిగుబడి కొంచెమే, కాని నేల చెడలేదు.

మన ఆంధ్రతీరాన పోటు ఎత్తు తక్కువ. వంగతీరంలోవలె నీరు దానంతటది చెరువెక్కదు. అందుచేత 1990 తర్వాత టైగర్ రొయ్యసాగు ఊపందుకొన్నప్పుడు మనవాళ్లు ఇంజన్లను నమ్ముకొన్నారు. ఇంజనుంటే ఎక్కడైనా చెరువే గదా అనుకొన్నారు. నెల్లూరు జిల్లాలో కండలేరు ఉప్పుటేటి వెంట చెరువు పక్కన చెరువు లేచింది. ఒకరు వదిలిన మురుగే మరొకరు తోడుకొన్నారు. 1994 చివర తెగులు తగిలింది. నీటివెంటే చెరువునుంచి చెరువుకు పాకి, అప్పుచేసి పెట్టిన పెట్టుబడిని ఊడ్చుకుపోయింది.

తీరంలో కొన్నిచోట్ల ఉప్పు ఊట వరిచేలలోకీ, మంచినీళ్ల బావుల్లోకీ దిగింది. తగవు సుప్రీంకోర్టుకెక్కింది. తమిళనాడు సర్వోదయ నాయకులు జగన్నాథన్‌గారి దావాలో 1996 డిసెంబరు 11న తీర్పు వచ్చింది. సాగుభూములు, ఉప్పుమళ్లు, మడ అడవులు, ఊరుమ్మడి భూములు రొయ్యల చెరువులుగా మార్చరాదన్నారు. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్‌కు చట్టం చేసి, చెరువుల రిజిస్ట్రేషను తప్పనిసరి చేశారు. 2023లో దాన్ని సవరించారు. 2009 తర్వాత టైగర్ చోటికి వనామీ వచ్చింది. రకం మారినా చోటు విషయంలో పాఠం మారలేదు.

కనుక మీరు చూడవలసినవి ఇవి:

నేల: చెరువు అడుగు లోతుకు మించి నాలుగైదు చోట్ల గుంటలు తీయండి. తడిమన్ను ఉండచేసి ఎగరేసి పట్టండి. విడిపోకుంటే నీరు నిలుస్తుంది. మడచెట్ల నేల జోలికి పోవద్దు. అది తడిగా వున్నంతసేపు బాగానే వుంటుంది. తవ్వి ఎండనిస్తే గంధకామ్లం పుడుతుంది. వాన పడినప్పుడల్లా గట్టుమీది పులుపు చెరువులోకి దిగుతుంది.

ఎత్తు: చెరువు అడుగు పాటునీటి మట్టానికి పైన వుండాలి. పంట తీశాక చుక్క మిగలకుండా దిగి, ఎండి నెర్రెలు వారాలి.

నీరు: తోడేచోటు, వదిలేచోటు వేరుగా వుండాలి. ఆ ఏటిమీద ఇప్పటికే ఎన్ని చెరువులున్నవో లెక్కపెట్టండి. నడివేసవిలో ఒకసారి, వరదలప్పుడు ఒకసారి నీటి ఉప్పదనం పరీక్ష చేయించండి.

పొరుగు: దగ్గరలో వరిచేనుగాని, తాగునీటి బావిగాని వుంటే ఆ చోటు వదులుకోండి.

బయానా ఇచ్చేముందే మత్స్యశాఖవారికి చోటు చూపించి, తీరానికి ఎంత దూరం విడవాలో ఇప్పటి నిబంధన తెలుసుకోండి. ఇంజను నీళ్లు తోడగలదుగాని, చెడ్డచోటును మంచిచోటు చేయలేదు.