గుడ్డ మీద కుట్టిన చరిత్ర కాలేజీకి చేరిన వైనం

నీలం అంచు గుడ్డ. పైమూల పచ్చటి కొండలు, వాటి మీద బాంబులు వదిలే విమానాలు. మధ్యలో అడ్డంగా మెకాంగ్ నది. వెదురు బొంగులు చంకల కింద పెట్టుకుని ఈదుతున్న మనుషులు, వీపున పసిపిల్లలు. ఆవలి ఒడ్డున శరణార్థి శిబిరం. అన్నీ దారంతోనే.

ఇది లావోస్ కొండల్లో బతికిన మోంగ్ ప్రజల కథాకుట్టు. పూర్వం వాళ్ల ఆడవాళ్లు లంగాల మీదా, పిల్లల్ని వీపున కట్టుకునే గుడ్డల మీదా నత్తలు, చుక్కలు, మెలికల వంటి అల్లికలే కుట్టేవారు. మనుషుల బొమ్మలు వచ్చింది వియత్నాం యుద్ధకాలంలో లావోస్‌లో సాగిన యుద్ధం తర్వాతే. అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ తరఫున జనరల్ వాంగ్ పావ్ వెంట పోరాడిన మోంగుల్లో చాలామంది, కమ్యూనిస్టులు గెలవడంతో, 1975 నుంచి దేశం విడిచి థాయ్‌లాండ్ పారిపోయారు. బాన్ వినాయ్ లాంటి శిబిరాల్లో పొలం లేదు, పని లేదు. మగవాళ్లు బొమ్మ గీసిస్తే ఆడవాళ్లు కుట్టారు. కొన్ని అమ్ముడుపోయాయి, కొన్ని అమెరికా చేరిన బంధువులకు వెళ్లాయి.

కథ చెప్పడానికి గుడ్డే ఎందుకు? వాళ్ల భాషకు రోమన్ లిపిని మిషనరీలు 1950లలో గానీ కట్టలేదు. 1959లో షోంగ్ లూ యాంగ్ అనే రైతు, చదువన్నది రాకపోయినా, సొంతంగా మరో లిపి తయారుచేశాడు. 1971లో ఆయన్ని చంపేశారు. అంతకుముందూ ఆ తర్వాతా జ్ఞాపకమంతా నోటి మీదే నడిచింది. చావు ఇంట పాడే ఒక పాట చూడండి: పోయిన మనిషి ఆత్మ తను బతికిన ఊళ్లన్నీ వెనక్కి ఒక్కొక్కటిగా దాటి, పుట్టినప్పుడు మావిని పాతిపెట్టిన చోటికి చేరాలి. పాడేవాడు ఆ ఊళ్ల పేర్లన్నీ వరసగా చెప్పాలి. శరణార్థి చనిపోతే ఆ వరసలో శిబిరాలూ, అమెరికా నగరాలూ చేరతాయి.

అమెరికాలో మిన్నెసోటా, విస్కాన్సిన్, కాలిఫోర్నియాల్లో స్థిరపడ్డవాళ్ల పిల్లలకు బడి పుస్తకాల్లో తమ ఊసే కనబడలేదు. ఇంట్లో అమ్మానాన్నలకు పాఠం చెప్పేటంత చదువు లేదు. కానీ కథలున్నాయి. మోంగ్ అధ్యాపకులు, రచయితలు పట్టుకున్నది ఆ కొసనే. శిబిరాల్లో కొన్నేళ్లు గడిపి 1979లో అమెరికా వచ్చిన డయా చా మానవశాస్త్రం చదివి సెయింట్ క్లౌడ్ స్టేట్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. దగ్గరి బంధువులు కుట్టిన గుడ్డ ఆధారంగా ఆమె 1996లో ‘డయాస్ స్టోరీ క్లాత్’ రాశారు. అంతకు రెండేళ్ల ముందే రచయిత్రి మై నెంగ్ మువా, మోంగ్ యువత తమ కథలు తామే రాసుకోవడానికి ‘పాజ్ న్టౌబ్ వాయిస్’ పత్రిక పెట్టారు. సెయింట్ పాల్‌లోని కాంకార్డియా యూనివర్సిటీలో 2004లో మోంగ్ అధ్యయన కేంద్రం వెలిసింది. ఫ్రెస్నోలో కవయిత్రి మై డెర్ వాంగ్ యూనివర్సిటీలో రచన నేర్పుతున్నారు. ఆమె కవితా సంపుటి ‘యెల్లో రెయిన్’ 2022లో పులిట్జర్ తుది జాబితాకెక్కింది.

విస్కాన్సిన్ యూనివర్సిటీ, మాడిసన్‌లో ఇంకో అడుగు పడింది. మోంగ్ విద్యార్థులే పరిశోధకులై, క్యాంపస్‌లో తమవాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారో వాళ్ల నోటే చెప్పించి రాశారు. ఆ పనికి పెట్టుకున్న పేరులోనూ ‘పాజ్ న్టౌబ్’, అంటే కుట్టుపనే, ఉంది. ‘ఆసియన్లంతా బాగా చదువుతారు’ అనే గంపగుత్త లెక్కలో ఈ పిల్లల ఇబ్బందులు కనబడకుండా పోతాయి. సగటు అంకె దాచేసింది ఒక్కో విద్యార్థి కథలో బయటపడుతుంది. విద్యార్థులకు పంచే కౌన్సెలింగ్ కరపత్రాల కన్నా ఇదే పనికొచ్చే సాయం.

ఈ చరిత్ర కొత్తగా తెలుసుకునే పాఠకులు డయా చా పుస్తకంతో మొదలుపెట్టవచ్చు. పిల్లల కోసం వేసిన బొమ్మల పుస్తకమే అయినా, పెద్దలకూ చాలినంత సరుకుంది.