రిటైర్మెంట్ వయసు: ఒక అంకె పుట్టుపూర్వోత్తరాలు

హైదరాబాద్ చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దున్నే చోటు పట్టుకుని గ్రూప్స్ పరీక్షలకు చదివే కుర్రాడికీ, అదే వేళకు అడిక్‌మెట్‌లో నడకకు బయల్దేరే పింఛనుదారుకూ మధ్య ఒక అంకె ఉంది. అది రిటైర్మెంట్ వయసు. ఒంటి సత్తువను కొలిచి పెట్టిన హద్దని దాన్ని నమ్ముతాం. కానీ మన దగ్గర ఆ అంకెను ఎక్కువగా కదిపినవి ఖజానా లెక్కలు, కొలువుల కరువు.

జర్మనీలో బిస్మార్క్ 1889లో వృద్ధాప్య పింఛను తెచ్చినప్పుడు అర్హత వయసు 70. 1916లో అది 65కి దిగింది. ఇక మన ఆంధ్రప్రదేశ్‌లో 55గా ఉన్న ప్రభుత్వోద్యోగుల రిటైర్మెంట్ వయసు 1979లో 58 అయింది. యువతకు కొలువులు దొరకాలంటూ ఎన్టీఆర్ ప్రభుత్వం 1983లో మళ్లీ 55కి దించింది. ఆ ఫిబ్రవరి 28న 18 వేలకు పైగా ప్రభుత్వోద్యోగులు, 10 వేల మంది ప్రభుత్వ సంస్థల సిబ్బంది ఒక్కసారిగా ఇంటిదారి పట్టారు. మరుసటి ఏడాదే ఆర్డినెన్సుతో 58 తిరిగొచ్చింది. తగ్గింపు రాజ్యాంగవిరుద్ధం కాదని 1985లో కె. నాగరాజ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ 2014లో 60కి, 2022లో 62కి పెంచింది. తెలంగాణ 2021లో 58 నుంచి 61కి వెళ్లింది. నిన్నటిదాకా ఒకే సర్వీసు నిబంధనల కింద పనిచేసినవాళ్లకు ఇప్పుడు రెండు హద్దులు.

ఈలోగా ఆయుష్షు మారిపోయింది. 1970ల తొలినాళ్లలో దేశంలో సగటు ఆయుర్దాయం 50 ఏళ్లకు అటూ ఇటూ. ఇప్పుడు దాదాపు 70. ఈ పెరుగుదలలో పెద్ద వాటా పసిబిడ్డలు బతకడం వల్ల వచ్చిందే. అయినా 60 దాటినవారు సగటున మరో 18 ఏళ్లు బతుకుతున్నారు. 2004 సెప్టెంబరు 1 నుంచి కొలువులో చేరినవారిది కాంట్రిబ్యూటరీ పింఛను పథకం (సీపీఎస్). కూడబెట్టిన సొమ్ము ఆ ఏళ్లన్నిటికీ సరిపోవాలి.

వయసు పెంచితే తమకు కొలువులు దక్కవన్న అశోక్‌నగర్ నిరుద్యోగుల అభ్యంతరం న్యాయమైనదే. సర్కారు పోస్టులు లెక్కపెట్టినవి. తెలంగాణలో 2021 పెంపుతో మూడేళ్లపాటు వయోపరిమితి వల్ల ఖాళీ కావలసిన కుర్చీలు ఖాళీ కాలేదు. కానీ పోస్టు వేరు, పని వేరు. బయటి ఆర్థిక వ్యవస్థలో కొలువులు ఇన్నేనని గీత గీసి లేవు. సంపాదించే పెద్దలు ఖర్చుపెడితే మరొకరికి పని పుడుతుంది. కాబట్టి కుర్చీని నిర్ణీత వయసుకు ఖాళీ చేయించాలి. ఆపైన చేయగలిగినవారికి బోధన, శిక్షణ, సలహా పనులు సగం రోజు లెక్కన దొరకాలి. అందరూ చేయగలరా అన్నది రెండో అభ్యంతరం. చేయలేరు. ఏళ్లతరబడి తెల్లవారుజామున రోడ్లూడ్చిన నడుమూ, ఫ్యాను కింద ఫైళ్లు చూసిన నడుమూ ఒకేలా అరగవు. అందుకే ఊడ్చిన మనిషికి ముందుగానే, పూర్తి పింఛనుతో విశ్రాంతి దక్కాలి.

పోస్టు, పని, పింఛను ఈ మూడింటినీ ఒకే అంకెకు ముడివేసినన్నాళ్లూ దాన్ని పెంచితే చిన్నవాళ్లకు, దించితే పెద్దవాళ్లకు అన్యాయం జరుగుతూనే ఉంటుంది. చేయాల్సింది అంకెను మార్చడం కాదు, ఆ ముడిని విప్పడం.