జ్ఞానస్నానపు పుస్తకములలో వంశచరిత్ర – మెక్సికో దేశపు సాక్ష్యము

బబులోనియా ప్రవాసము నుండి తిరిగివచ్చిన యాజకులలో కొందరు తమ వంశావళి పత్రము చూపలేకపోయినందున యాజకత్వమునకు దూరమైనారని ఎజ్రా గ్రంథము రెండవ అధ్యాయములో చదువుతాము. ఒక కుటుంబపు గౌరవము ఒక కాగితము మీద ఆధారపడుట ఆ కాలముతో పోలేదు. స్పెయిను ఏలుబడిలోని మెక్సికోలో 1521 మొదలు 1821 వరకు, మూడు వందల ఏండ్లు, అదే జరిగింది. ఆ కాగితములలో అధికభాగము విచారణ గురువుల చేతివ్రాతయే. కనుక ఆ చరిత్ర మన వంటి విశ్వాసులు తెలిసికొనదగినది.

మెక్సికో నగర ప్రధాన దేవాలయపు విచారణలో 1536 నాటి నమోదులు ఉన్నవి. 1555లో ఆ నగరమున జరిగిన మొదటి ప్రాంతీయ మహాసభ జ్ఞానస్నానములకు, వివాహములకు పుస్తకములు ఉంచవలెనని గురువులను ఆదేశించింది. 1563లో ట్రెంట్ మహాసభ ఈ నియమమును తిరుసభ యంతటికి విధించింది. ప్రభుత్వము జనన మరణములను నమోదు చేయసాగినది 1859 తరువాతనే. అంతకు పూర్వము సామాన్యుని పేరు నిలిచిన చోటు ముఖ్యముగా గుడి పుస్తకమే.

నేడు అక్కడ తమ పూర్వులను వెదకువారు క్రిందినుండి పైకి నడుస్తారు. ముందు తాతగారి వివాహపు నమోదు పట్టుకొంటారు. అందులో వధూవరుల తల్లిదండ్రుల పేర్లు, వారు ఏ ఊరివారో తరచుగా ఉంటవి. ఆ ఊరి పుస్తకములో జ్ఞానస్నానపు నమోదు దొరికితే జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు కూడ తెలుస్తవి. వారు అనేకసార్లు దగ్గరి బంధువులే. వివాహమునకు ముందు గురువు జరిపిన విచారణ కాగితములు ఇంకను విలువైనవి. వధూవరులు ఒకరికొకరు బంధువులైతే, మినహాయింపు కోరుటకు వంశవృక్షమునే గీసి చూపేవారు. వీలునామాలు, భూమి తగాదాలు, వ్యాజ్యముల కాగితములు ప్రభుత్వ భాండాగారములలో ఉన్నవి. ఇరువదవ శతాబ్ది మధ్యభాగము నుండి గుడి పుస్తకములు పెక్కింటిని సూక్ష్మ ఫిలిముల మీద చిత్రించినందున, నేడు వాటిని ఇంటర్నెట్టులో ఇంట కూర్చుండియే చదువగలుగుతున్నారు.

అయితే ఆ పుటలు చదువునపుడు మనసు నొచ్చుకొను విషయము ఒకటున్నది. అనేక విచారణలలో స్పానిష్ వారికొక పుస్తకము, ఆదివాసులకొక పుస్తకము, మిశ్రజాతులకు వేరొక పుస్తకము ఉండేవి. పేరు ప్రక్కనే 'ఎస్పాన్యోల్', 'మెస్తీసో', 'ములాతో' అని జాతిని వ్రాసేవారు. తల్లిదండ్రులు తెలియని శిశువును 'తిరుసభ బిడ్డ' అని వ్రాయుట కూడ కలదు. కాని ఆ గుర్తు శాసనము కాదు. జ్ఞానస్నానమున మెస్తీసోగా వ్రాయబడినవాడు వివాహమునాటికి ఎస్పాన్యోల్‌గా కనబడును. ఇంటివారు చెప్పినది, గురువు ఎరిగినది, ఊరివారు ఒప్పుకొన్నది కలిసి ఆ మాట అయినది. కనుక అనుభవజ్ఞులు ఒక్క నమోదును నమ్మక, అన్నదమ్ముల నమోదులతో కూడ పోల్చి చూస్తారు.

దీనికి హోసే మరియా మోరెలోస్ గారి జీవితమే నిదర్శనము. 1765 సెప్టెంబరు 30న వల్లదోలిద్ పట్టణమున ఒక వడ్రంగికి ఆయన జన్మించారు. జ్ఞానస్నానపు పుస్తకములో తల్లిదండ్రులు స్పానిష్ వారని ఉన్నది. ఆయనలో ఆఫ్రికా, ఆదివాసి రక్తము కూడ కలదని చరిత్రకారులు పలువురు తలుస్తారు. ఆయన ముత్తాత తన వంశమున గురువైనవానికి జీవనాధారముగా ఒక ధర్మనిధి ఏర్పరచి ఉండగా, దానికై ఆయన తల్లి వ్యాజ్యమాడవలసి వచ్చింది. ఆమె తండ్రి వివాహేతర సంతానమగుటయే అడ్డంకి. కంచరగాడిదలను తోలి బ్రతికిన యువకుడు ఇరువదియైదవ ఏట విద్యాలయమున చేరి, 1797లో గురుపట్టము పొంది, కారాకువారో విచారణలో సేవచేశారు. పుస్తకములో ఒక మాట మనిషి బ్రతుకును ఎట్లు త్రిప్పునో ఆయన ఇంటిలోనే చూచారు.

1810లో స్వాతంత్ర్య పోరాటమున చేరిన ఆయన, ఆ నవంబరులోనే, జాతుల పేర్లు ఇక వద్దనీ అందరు అమెరికావాసులేననీ ప్రకటించారు. 1813లో చిల్పాన్సింగో సభ ముందుంచిన పత్రములో బానిసత్వమును, జాతిభేదమును నిషేధించవలెనని కోరారు. 1815 డిసెంబరు 22న ఆయనను కాల్చి చంపారు. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1822లో, గుడి పుస్తకములలో జాతిని వ్రాయరాదను ఆజ్ఞ వెలువడింది. ఆయన పుట్టిన ఊరు 1828 నుండి ఆయన పేరనే మొరేలియాగా పిలువబడుచున్నది.

ప్రియ సోదరులారా! మన విచారణలలోని జ్ఞానస్నానపు పుస్తకములు కూడ ఇటువంటి సాక్ష్యములే. చదువురాని మన అవ్వతాతల పేర్లు మరెక్కడను లేకపోయినను అక్కడ ఉండవచ్చును. చెదలు, తేమ ఆ పుటలను తినివేయకముందే పెద్దలు వాటికి నకళ్లు తీయించవలెను. ప్రతి కుటుంబము తన పేర్లను వ్రాసి ఉంచుకొనవలెను. మన పిల్లలు ఆ పుటలు తెరచినపుడు, ఎవరు గొప్ప, ఎవరు తక్కువ అని వెదకక, తమను ఈ విశ్వాసములోనికి మోసికొని వచ్చినదెవరో చూతురు గాక!