చెర విడిపించాక...

1991 ఆగస్టు. హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్తున్న విమానంలో పదేళ్ల పాప ఒకటే ఏడుపు. పక్కన అరవై ఏళ్ల సౌదీ మనిషి. నికాహ్ అయింది, నా బీవీ అంటాడు. అమృతా అహ్లూవాలియా అనే ఎయిర్‌హోస్టెస్‌కు దిల్ ఒప్పలేదు. సంగతి పోలీసుల దాకా తీసుకెళ్లింది. ఢిల్లీలో అతన్ని పట్టుకున్నారు.

ఇంతవరకు మన ఇళ్లల్లో చాలామందికి తెలిసిన కిస్సానే. తర్వాత ఏమైందని అడిగేవాళ్లు తక్కువ. ఆ మనిషి బెయిల్ తీసుకుని దేశం దాటిపోయాడు. పాప మాత్రం సర్కారు హోమ్‌లో ఉండిపోయింది. చివరికి అమ్మీ అబ్బాల దగ్గరికే చేర్చారు. ఏ గరీబీ ఆ బేరానికి దారి తీసిందో, మళ్లీ ఆ గరీబీలోకే.

ఐదేళ్లకు, 1996లో, పాతనగరంలో మెహబూబ్ కీ మెహందీ బస్తీని ఖాళీ చేయించారు. గలీజు పోయిందని షరీఫులు సంతోషపడ్డారు. అక్కడి ఆడవాళ్లకు ఇల్లెక్కడ, రోజీ ఎక్కడ? ఆ సవాల్‌కు జవాబు వెతికింది సునీతా కృష్ణన్, బ్రదర్ జోస్ వెట్టికాటిల్. ఖాళీ అయిన ఒక కోఠాలోనే ఆ తల్లుల పిల్లలకు బడి పెట్టారు. అమ్మ బతుకు బిడ్డకు వారసత్వం కాకూడదన్నదే మక్సద్. 'ప్రజ్వల' అట్లా పుట్టింది. తర్వాత విడుదలైన ఆడవాళ్లకు వెల్డింగ్, వడ్రంగం, బుక్ బైండింగ్ నేర్పారు. చేతిలో హునర్ ఉంటే దలాల్ మాటకు లొంగే మజ్బూరీ తగ్గుతుంది కదా.

కానూన్ సంగతి చూడండి. 1956 చట్టం కింద మేజిస్ట్రేట్ బాధితురాలిని ఏడాది నుంచి మూడేళ్ల దాకా హోమ్‌లో ఉంచొచ్చు. జిందగీ మూడేళ్లేనా? వెట్టి నుంచి విడుదలైనవాళ్లకు 2016లో కేంద్రం పథకం పెంచింది. కోఠాల నుంచి విడిపించిన ఆడవాళ్లకు, పిల్లలకు 3 లక్షలు. బాగుంది. కానీ తక్షణ సాయం పోను, మిగతా సొమ్మును ముద్దాయికి శిక్ష పడటంతో ముడిపెట్టారు. ముద్దాయి 1991లో లాగా పారిపోతే? అతని గునాహ్‌కు ఆమె ఎందుకు పస్తుండాలి?

సూరా నూర్ 33వ ఆయత్ తీసి చూడండి. బానిసలు ఆజాదీ కోరితే ఒప్పందం రాసివ్వమని, అల్లాహ్ మీకిచ్చిన మాల్ లోంచి వాళ్లకివ్వమని అందులోనే ఉంది. బాందీలను ఒళ్లమ్ముకొమ్మని జబర్దస్తీ చేయొద్దనీ అదే ఆయత్‌లో ఉంది. విడుదల, ఖర్చు, ఇజ్జత్ మూడూ ఒక్కచోటే. జకాత్ ఎనిమిది పద్దుల్లోనూ మెడలు విడిపించడం ఒకటి.

తిరిగొచ్చిన బిడ్డ మన గల్లీలోనే ఉంటుంది. ఆమెను కుట్టుమిషన్‌కో, కాలేజీ ఫీజుకో ఆదుకోవడం ఒక రంజాన్ పని కాదు, ఏళ్ల పని. ఆమె గతాన్ని తవ్వకపోవడం పైసా ఖర్చులేని పని. కనీసం అదైనా ఇవాళే మొదలుపెడదాం.